నురుగు రావట్లేదు

జియా సరాయ్‌లో మూడో అంతస్తు, రెండు గదుల అద్దె ఇల్లు. శనివారం పొద్దున్న ఎనిమిదింటికి నర్సు సరళకుమారి నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి, భర్త నథానియేలు ఉప్పునీటి అక్వేరియం ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు.

"చెప్పులక్కడ వదిలేసి ఆ పాత పేపర్లు ఇలా అందుకో. రంగుబొమ్మలున్నవి కాదు, ఉత్త అచ్చువి."

"ఏమైందండీ?"

"ముందు అందుకో సరళా. అడగడం తర్వాత."

"ఇదిగోండి. ఇంకా చేతులు కూడా కడుక్కోలేదు నేను. అదేంటి, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి?"

"ఊపిరాడక. మీ వార్డులో అయితే మూతికి మాస్కు పెట్టేస్తారు. వీటికెక్కడ పెట్టను?"

"మోటారు తిరుగుతూనే ఉందిగా."

"మోటారుకేం, తిరుగుద్ది. నురుగు రావట్లేదు. ఈ గొట్టం చూడు, స్కిమ్మరు. నీళ్ళలో మురికినంతా నురుగు కట్టించి పైనున్న గిన్నెలోకి తోసేది ఇదే. మీ భాషలో డయాలసిస్ అనుకో. నిన్న సాయంత్రం నేను సాకేత్‌లో ట్యాంకు పనికి వెళ్ళేటప్పుడు గిన్నె సగానికి ఉంది, టీ డికాక్షన్ రంగులో. ఇప్పుడు చూడు. ఒక్క బుడగ నిలవట్లేదు."

"రాత్రి వచ్చాక చూడలేదా?"

"లేదు."

"జ్వరం ఉన్నా దీని ముందు అరగంట కూర్చోకుండా పడుకోరు కదా మీరు."

"నిన్న పడుకున్నాను. ఏం, తప్పా? ఇంకో పేపరు ఇవ్వు."

"పేపరు నీళ్ళలో ఎందుకండీ, పాడైపోవూ?"

"నీళ్ళ మీద పరుస్తున్నాను, నీళ్ళలో కాదు. పైన ఏదో పొర కట్టింది. ఆ పొర ఉంటే కిందకి గాలి దిగదు. కింద గాలి లేకపోతే ముందు చేపలు, తర్వాత రాళ్ళు. ఆ మూల పట్టుకుని నెమ్మదిగా నీవైపు లాగు. నెమ్మదిగా అన్నాను. బెడ్‌షీటు మార్చినట్టు కాదు."

"పన్నెండు గంటలు నిలబడి వచ్చానండీ. నడుం లాగేస్తోంది."

"నాదీ లాగేస్తోంది. నేనేమైనా సెలవు పెట్టానా?"

"మరి ఎలా వచ్చింది ఆ పొర?"

"అదే అడుగుతున్నాను పొద్దున్నుంచి ఈ గోడల్ని. కింద గౌరి ఆంటీ బొద్దింకల మందు కొట్టించిందేమో అనుకున్నాను. కిందకెళ్ళి తలుపు కొట్టాను."

"ఆవిడ వారం నుంచి ఊళ్ళో లేదు కదా."

"తాళం చూశాక తెలిసింది. తర్వాత దోమల పొగ బండి వచ్చిందేమో అని సందు చివర దాకా వెళ్ళి అడిగాను. రాలేదట. తర్వాత కెరెన్‌కి ఫోన్ చేశాను."

"పొద్దున్నే కోచింగ్ క్లాసులో ఉన్న పిల్లకి ఫోన్ చేశారా?"

"చేతులకి క్రీము రాసుకుని లోపల చెయ్యి పెట్టావా అని అడిగాను. 'పాపా, మైనే కుఛ్ నహీ కియా', నేనేం చెయ్యలేదు అని హిందీలో చెప్పి పెట్టేసింది. ఇంటర్ చదివే పిల్ల, నాన్నతో నాలుగు మాటలు తెలుగులో మాట్లాడటానికి నామోషీ."

"నామోషీ కాదండీ. క్లాసులో ఉంది."

"ఆ, మీరందరూ క్లాసుల్లో ఉన్నవాళ్ళే. నేనొక్కణ్ణే బయట."

"ఇప్పుడు చదువు సంగతి ఎందుకు తెస్తారు?"

"తేలేదు. ఇది చూడు, నువ్వు లాగిన పేపరు. వెలుతురుకి పట్టు. మచ్చలు కనబడుతున్నాయా? అక్షరాలు అవతలి వైపు నుంచి చదవొచ్చు."

"తడిసింది కదా మరి."

"తడిస్తే ఇలా మెరవదు. పకోడీలు కట్టిన పేపరులా ఉంది. జిడ్డు. నూనె సరళా, నూనె."

"ముందు మిగతాది తీసేద్దాం. ఇంకో పేపరు పరవండి."

"వంటింట్లో నిన్న ఏం వేయించావు?"

"ఏం వేయించలేదు. పప్పుచారు పెట్టాను."

"వేరుశనగ నూనె వాసన కాదులే ఇది. చూడు, వాసన చూడు."

"నాకు జలుబండీ."

"జలుబున్నదానివి రాత్రంతా వార్డులో డెటాల్ వాసన ఎలా పీల్చావు? చూడు."

"నాకేం తెలియట్లేదు."

"నాకు తెలుస్తోంది. కాకినాడలో రొయ్యల హేచరీలో ఉన్నప్పుడు, నీళ్ళు నాలిక మీద వేసుకుని ఉప్పు ఎంతుందో చెప్పేవాణ్ణి. మిషను పెట్టి చూసుకునేవారు ఇంజినీర్లు, నా లెక్కే వచ్చేది. ఈ నాలికా ఈ ముక్కూ తప్ప దేవుడు నాకేమివ్వలేదు. ఇది ఒలీవ నూనె. అందులో సాంబ్రాణి లాంటిదేదో కలిపారు. ఈ వాసన నేనెక్కడ పీల్చానో చెప్పనా? మీ అన్న పాస్టర్ కృపారావు నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినప్పుడల్లా."

"ఇంకో పేపరు ఇదిగోండి."

"సీసా ఏది?"

"ఏ సీసా అండీ?"

"బీరువా మీద, బైబిలు పక్కన. పాస్టరుగారు కన్వెన్షన్ నుంచి తెచ్చి చెల్లెలికి ఇచ్చిన అభిషేక తైలం. ఏది?"

"రెండు చుక్కలేనండీ."

"రెండు చుక్కలా."

"మూతడు. మూతడే పోశాను."

"సీసా చూపించు."

"ఇదిగోండి."

"సగం లేదు."

"ప్రార్థన చేస్తూ పోశాను. కళ్ళు మూసుకుని ఉన్నాను. ఎంత పోశానో చూసుకోలేదు."

"ఇరవై మూడేళ్ళు నర్సువి. కళ్ళు మూసుకుని ఎవరికైనా ఇంజక్షన్ ఇచ్చావా?"

"లేదు."

"ఇందులో చెయ్యి పెట్టాలంటే మోచేతుల దాకా సబ్బు లేకుండా కడుక్కునేదానివి. కెరెన్ వేలు ముంచబోతే చేతి మీద కొట్టావు. ఆ నూనె సీసా ఇచ్చినప్పుడు మీ అన్నతో నువ్వే అన్నావు, మా ఆయన ఆ నీళ్ళలో ఏమీ పడనివ్వరు అన్నయ్యా అని. అవునా?"

"అన్నాను."

"మరి?"

"తప్పేనండీ. ఆ పెద్ద చేప పక్కకి వాలిపోతోంది, చూడండి ముందు."

"మేట్రన్. చూశాను. గాలి పంపు ఇంకొకటి మంచం కింద ఉంది, తే. దుమ్ము దులపకుండా తే, పర్వాలేదు."

"ఇదిగో. ఇది తిరుగుద్దా? పాతదిగా."

"నేనూ పాతవాణ్ణే, తిరగట్లేదా? గొట్టం అటు పెట్టు. రాళ్ళ పక్కన, ఇంకా కిందకి. ఆ. అక్కడ పట్టుకుని ఉండు."

"చిన్నది దాని చుట్టూనే తిరుగుతోంది."

"తిరుగుద్ది. వీటిలో ఆడదే పెద్దది, ఆడదానిదే సంపాదన. మగది దాని వెనకాల తోక ఊపుకుంటూ తిరుగుద్ది. కెరెన్ దానికి మేట్రన్ అని పేరు పెట్టినప్పుడు మీరిద్దరూ ఎంత నవ్వారో నాకు గుర్తే. చిన్నదానికి పేరెందుకు పెట్టలేదని నేనడగలేదు. నాకు తెలుసు గనక."

"అలా ఎవరూ అనుకోలేదండీ."

"నర్సు మొగుడు. ఇంటివాడి నుంచి మీ చర్చిలో రాజేశ్వరమ్మగారి దాకా నాకున్న పేరు అదే. పోనీ, డ్రమ్ములో నిన్న కలిపిన ఉప్పునీళ్ళున్నాయి. సగం నీళ్ళు మార్చేద్దాం. బకెట్టు పట్టు."

"మోస్తాను, ఆగండి. డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి."

"ఏ డాక్టరు? చేపలకి డాక్టరేంటి?"

"మీ డాక్టరుగారండీ. మా హాస్పిటల్లో పిల్లల వార్డు ముందు పెట్టే అక్వేరియానికి మిమ్మల్ని పెట్టుకుంటానన్నాయన. సోమవారం మన ట్యాంకు చూడ్డానికి వస్తారు కదా. ఒక వారం ఆగి రమ్మనండి. నీళ్ళు బాగయ్యాక."

"అడగను."

"అడిగితే ఏమవుద్ది?"

"అడగనన్నాను. బకెట్టు ఒలుకుతోంది, సరిగ్గా పట్టు."

"నేను మాట్లాడనా పోనీ? వార్డులో నాకు తెలుసు ఆయన."

"నువ్వు మాట్లాడతావా? నువ్వు మాట్లాడితే వచ్చే ఉద్యోగం నాకెందుకు? సాకేత్‌లో ఆయన ఫ్రెండు ఇంట్లో నేను చూసుకునే ట్యాంకు చూసి, ఎవరు చేశారిది అని అడిగి, నన్ను పిలిపించుకున్నాడు ఆ మనిషి. నువ్వెవరో, నేను నీ మొగుణ్ణో కాదో కూడా తెలియదు. నా పని చూసి పిలిచాడు. జీవితంలో మొదటిసారి."

"తెలుసండీ."

"గోడంత ట్యాంకు. జీతం. మెడలో ఫోటో ఉన్న కార్డు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు 'ఏయ్, కిధర్' అని ఆపకుండా లోపలికి పోనిస్తాడు. అంతే నేను కోరింది."

"చొక్కా ఇస్త్రీకి ఇచ్చారా సోమవారానికి?"

"లేదు."

"నిన్న ఇస్తానన్నారు."

"మర్చిపోయాను. అన్నీ నన్నే అడుగుతావేంటి? నేనడిగినదానికి చెప్పు. నిన్నే ఎందుకు పోశావు?"

"డ్యూటీకి వెళ్ళే ముందు పోశాను."

"ఎప్పుడు అని కాదు, ఎందుకు అన్నాను. నెల రోజులు ఆ సీసా సీలు కూడా తియ్యకుండా ఉంది. నెల రోజులు నీకు బుద్ధి ఉంది. శుక్రవారం సాయంత్రం ఎక్కడికి పోయింది?"

"అన్నయ్య అన్నాడు కదా, మీకు దేనికి దీవెన కావాలో దాని మీద పొయ్యండి అని."

"అది నెల కిందటి మాట. నిన్న ఏమొచ్చిందని?"

"మీ ఉద్యోగం కోసమేనండీ. ఆయన మనసు... అంతా సవ్యంగా జరగాలని."

"సవ్యంగానే ఉందిగా! మనసేంటి? ఎవరి మనసు?"

"ఎవరిదో ఒకరిది. నీళ్ళు పొయ్యనా?"

"పొయ్యి. రాయి మీద పొయ్యకు, పక్కన అద్దం వెంట పొయ్యి."

"రాళ్ళు బాగానే ఉన్నాయా?"

"రాళ్ళు అంటుంది. రాయి కాదు సరళా అది, లైవ్ రాక్. సముద్రంలోంచి తెస్తే కేసవుద్దని సిమెంటూ గవ్వల పొడీ నేనే కలిపి, చేత్తో ముద్దలు చేసి, ఆరబెట్టి, డ్రమ్ములో వేశాను. మొదట్లో ఉత్త సిమెంటు. పాత ట్యాంకులోంచి పిడికెడు ముక్క తెచ్చి దాని పక్కన పెడితే, అందులోంచి ఇందులోకి ప్రాణం పాకింది. కంటికి కనపడని పురుగులు. చేపల విషాన్ని అవే తింటాయి. పద్నాలుగు నెలలు పట్టింది."

"నాకు తెలీదా? పద్నాలుగు నెలలు ఆ డ్రమ్ము బాత్‌రూములోనే ఉంది. ఒక కాలు మీద నిలబడి స్నానం చేశాం నేనూ కెరెనూ."

"చేశారు. అందుకని నూనె పోశావా?"

"అలా అనకండి."

"ఇదిగో, ఇది బయటికి తీశాను. వాసన చూడు. జలుబనకు."

"సముద్రం వాసనే వస్తోంది."

"ఇది?"

"ఇది... కొంచెం కుళ్ళిన గుడ్డులా."

"అయితే ఇది పోయింది. వెనక వైపువి గాలి తగలక పోయినట్టున్నాయి. ఇవి లోపలే ఉంటే మిగతావాటిని కూడా చంపుతాయి. తీసి బాల్కనీలో పడెయ్యి."

"పద్నాలుగు నెలలు పెంచి చివరికి..."

"పడెయ్యమన్నాను."

"పడేశాను. అన్నం పెట్టనా? పొద్దున్నుంచి ఏం తినలేదు మీరు."

"మేట్రన్ లేవట్లేదు."

"లేస్తుందేమో, కాసేపు చూడండి. ఇప్పుడే కదా నీళ్ళు మార్చాం."

"నువ్వు వార్డులో వాళ్ళకి చెప్పే మాట నాకు చెప్పకు. పోయింది. జల్లెడ ఇలా ఇయ్యి."

"యేసయ్యా."

"ఆయన్ని పిలవకు ఇప్పుడు. ఆయన పేరు మీదే కదా పోశావు."

"నా చేత్తోనే చంపానండీ."

"ఏడవకు. ఏడిస్తే ఆ చెయ్యి నీళ్ళలో పెట్టకు. చిన్నది చూడు, ఆ మూల రాయి కిందకి దూరింది. ఇంక బయటికి రాదు రెండు రోజులు."

"సోమవారానికి వస్తుందిలెండి."

"సోమవారం, సోమవారం. వదిలెయ్యి ఆ మాట. రేపటి సంగతి చూడు. రేపు ఆదివారం."

"రేపు వెళ్ళొద్దులెండి చర్చికి."

"ఎందుకు వెళ్ళొద్దు? పోయిన ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాను. పదకొండేళ్ళుగా ఆ చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నవాణ్ణి, ముందుకెళ్ళి మైకు పట్టుకున్నాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి దేవుడు పెద్ద హాస్పిటల్లో నిలబెట్టాడన్నాను. ఇంకా నిలబెట్టకుండానే అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. మీ అన్నేమన్నాడు?"

"గుర్తు చెయ్యకండి."

"మైకు నా చేతిలోంచి తీసుకుని, మా బావ ఇన్నాళ్ళూ ఉప్పునీళ్ళు కలుపుతూ ఉన్నాడు, ప్రభువు ఇవాళ వాటిని ద్రాక్షరసం చేశాడు అన్నాడు. జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. బాగానే ఉంది ఆ రోజు. రేపు ఎదురొచ్చి, ఎప్పుడు చేరుతున్నావు బావా అంటే నేనేం చెప్పాలి?"

"అన్నయ్యకి నేను చెప్తాను."

"ఒక్క అన్నయ్యకి కాదు. అందరికీ చెప్పాలి. నేను మైకులో చెప్పాను, నువ్వూ మైకులోనే చెప్పు."

"నేనా?"

"నువ్వే. పోసింది నువ్వే కదా. రేపు సాక్ష్యాల టైములో లేచి నిలబడు. మా ఆయన పనిలో ఏ లోపమూ లేదు, ఉద్యోగం చేతి దాకా వచ్చింది, నేను తెలివితక్కువగా నూనె పోసి చేపల్ని చంపాను, ట్యాంకు పాడైంది, అందుకే పోయింది అని చెప్పు. ఎవరిచ్చిన నూనో అది కూడా చెప్పు."

"అన్నయ్య పేరు కూడానా?"

"పేరుతో సహా. ఆ రోజు నవ్విన నోళ్ళన్నీ రేపు మూతపడాలి. నా వల్ల పోలేదని తెలియాలి. నా చదువు వల్లో, నా తెలివి వల్లో పోలేదని."

"అంతమందిలో చెప్తే మీ మనసు కుదుటపడుద్దా?"

"పడుద్ది."

"ఫోన్ చేసి అడగకుండానే పోయిందంటున్నారు ఉద్యోగం. ఒక్క మాట అడిగితే ఆయన ఆగుతారేమో."

"ఆగడు. చచ్చిన ట్యాంకు చూపించి ఉద్యోగం అడగమంటావా? పోయింది. నువ్వు పోసిన నూనెతో పోయింది. అంతే."

"అంతేనా?"

"అంతే. ఏం, ఇంకేముంది?"

"ఏం లేదు. మీరే ఇంకేమైనా చెప్తారేమోనని."

"నేనేం చెప్పాలి? చెప్పాల్సింది నువ్వు. ఏది, ఏమని చెప్తావో ఒకసారి చెప్పు. రేపు అక్కడ నీళ్ళు నమలకుండా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నిలబడి చెప్పు."

"ప్రభువునందు ప్రియులైన మీ అందరికీ వందనాలు. మా ఆయన పనిలో ఏ లోపమూ లేదు. నేను శుక్రవారం సాయంత్రం అన్నయ్య ఇచ్చిన నూనె ట్యాంకులో పోశాను. చేప చచ్చిపోయింది, రాళ్ళు కుళ్ళిపోయాయి. ఉద్యోగం నా వల్ల పోయింది. నన్ను క్షమించమని ప్రార్థన చెయ్యండి."

"ఆ. బాగుంది. అలాగే చెప్పు. అన్నయ్య అనకు, పాస్టర్ కృపారావుగారు అను. ఇంకేం కలపకు."

"కలపనండీ. నిన్న మధ్యాహ్నం జీతం కాగితాల పని మీద హాస్పిటల్‌కి వెళ్తే, ఆఫీసులో పనిచేసే నేహా నన్ను పక్కకి పిలిచి చెప్పింది. ఉద్యోగం కోసం హాస్పిటల్ వాళ్ళు మీకు ఫోన్ చేసి పదో తరగతి సర్టిఫికెట్ అడిగారట, లేదన్నారట మీరు, అయితే సోమవారం ఎవరూ రారని చెప్పేశారట. ఇంటికొచ్చేసరికి మీరు సాకేత్ వెళ్ళిపోయారు. ఇంక మనుషుల వల్ల కాదనిపించి, సీసా సీలు తీశాను. మీరే ఫోన్ చేసి చెప్తారేమోనని రాత్రంతా ఫోను జేబులోనే పెట్టుకు తిరిగాను. రేపు ఆ మాట మాత్రం ఎత్తనులెండి. నూనె వల్లే పోయిందని చెప్తాను."